రెండు కళ్ళు, రెండు దారులు

2025 జనవరి 12, ఆదివారం
అల్ హిలాల్, దోహా

వారంలో మొదటిరోజు కావడంతో క్లినిక్ తలుపు తీసేసరికే బెంచీ నిండిపోయింది. ముందుగా లోపలికొచ్చినాయనది జగిత్యాల దగ్గర పల్లె. యాభై దాటిన లిమోజిన్ డ్రైవరు. కుడికన్ను అరచేత్తో మూసుకునే కూర్చున్నాడు. "మొన్నటి సంది అన్నీ రెండు రెండు కనవడుతున్నయ్ మేడం. ముందల పోయే బండి రెండు బండ్లయితున్నది. సీ రింగు మీద నేను ఏ లైన్ల ఉన్ననో నాకే సమజైతలేదు" అన్నాడు. చార్టు మీద అక్షరాలు మాత్రం ఏ కంటితో ఆ కంటికి గడగడా చదివేశాడు. అంటే అద్దాలతో పోయే బాధ కాదు.

తల కదపకుండా నా వేలునే చూడమన్నాను. ఎడమకు తీసుకెళ్తే రెండు కళ్ళూ కలిసే వచ్చాయి. కుడికి తీసుకెళ్తే ఎడమకన్ను బుద్ధిగా ముక్కు వైపు జరిగింది. కుడికన్ను మధ్య గీత దాటీ దాటకముందే ఆగిపోయింది. బయటి కనుకొలకు దగ్గర తెల్లగుడ్డు వెడల్పుగా అలాగే మిగిలిపోయింది. చేతిలో పట్టుకున్న ఫోన్ ఆయనకు ఒక్కటే ఫోన్. కిటికీలోంచి ఎదుటి విల్లా గేటు రెండు గేట్లు.

ఒక్కో కంటికి ఆరు కండరాలు. వాటిని నడిపేది మూడు నరాలు. మూడో కపాల నరం నాలుగు కండరాలను చూసుకుంటుంది. నాలుగో నరానిదీ ఆరో నరానిదీ చెరో కండరం. ఆరో నరం పట్టుకున్నది లాటరల్ రెక్టస్‌ని, అంటే కంటిని చెవి వైపు లాగేదాన్ని. దూరం చూడాలంటే ఆ లాగుడు ఉండాలి. ఫోన్ చూసేటప్పుడు కళ్ళు ఎలాగూ ముక్కు వైపే తిరిగుంటాయి కాబట్టి దాని లోటు తెలియదు. ఈయనకు దూరంలో రెండు, దగ్గర ఒకటి కావడానికి కారణం అదే.

షుగర్ ఎప్పుడు చూపించుకున్నారని అడిగితే "చూపిస్తె ఉన్నదంటరు గద మేడం" అని నవ్వాడు. వేలు గుచ్చి చూస్తే మూడు వందలు దాటింది. షుగరూ బీపీ ఉన్నవాళ్ళలో ఈ నరానికి రక్తం తెచ్చే సన్నటి నాళం దెబ్బతినడం తరచు చూసేదే. మామూలుగా మూడు నెలల్లో తేరుకుంటుంది. అయినా అదేనని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పకూడదు, డాక్టరుగారికి రాసి పంపాను. కంటికి మూత పెట్టి, స్టీరింగ్ ముట్టొద్దన్నాను. "మరి కఫీల్‌కు ఏం జెప్పాలె?" అన్నాడు. యజమానికి చెప్పాల్సింది కూడా కాయితం మీద రాసిచ్చాను.


జనవరి 17, శుక్రవారం

సెలవు. వీధిలో జుమ్మా నమాజు దాకా అలికిడి లేదు. పొద్దున్నే మా ఆయన ఫోన్‌లో పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని ఆయన కళ్ళే చూస్తున్నాను. "ఏంటి అట్లా చూస్తున్నావ్?" అన్నారు. వరుస మీద చూపు సాఫీగా జారుతుందని అందరం అనుకుంటాం. నిజానికి గెంతుతుంది. ఒక గెంతు, ఓ క్షణం నిలకడ, మళ్ళీ గెంతు, సెకనుకు మూడు దాకా. పారిస్‌లో ఎమిల్ జవాల్ ప్రయోగశాల 1870ల చివర్లోనే చదివే కళ్ళ ఈ గెంతులను పట్టుకుంది. వీటినే సకేడ్‌లు అంటాం. ఇరవై డిగ్రీల గెంతు సెకనులో పదిహేనో వంతులో అయిపోతుంది.

బాత్‌రూమ్ అద్దం ముందు మా అమ్మాయికి ఒక తమాషా చూపించాను. అద్దంలో నీ ఎడమకన్ను చూడు, ఇప్పుడు కుడికన్ను చూడు, మళ్ళీ ఎడమ. కళ్ళు కదిలాయా? కదిలినట్టే కనబడవు. పక్కన నిలబడ్డ నాకు మాత్రం అవి అటూ ఇటూ దూకడం బాగా తెలుస్తోంది. గెంతేంతసేపూ మెదడు చూపును అణిచిపెట్టేస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త రేమండ్ డాడ్జ్ ఈ సంగతి 1900లోనే రాశాడు. అదే పని ఫోన్ సెల్ఫీ కెమెరాలో చేస్తే కళ్ళు కదలడం కనిపిస్తుంది. బొమ్మ తెర మీదికి రావడానికి పట్టే ఆ కాస్త ఆలస్యంలో గెంతు ముగుస్తుంది, చూపు తెరుచుకుంటుంది. అమ్మాయి ఆ తర్వాత పావుగంట ఫోన్ ఇవ్వలేదు.

ఆ గెంతుకు ఆజ్ఞ ఎలా వెళ్తుందో ఒకసారి వరసగా రాసుకోవాలి. ఎడమకు చూడాలనుకుందాం. మెదడు కాండంలో, పాన్స్ అనే భాగంలో ఎడమ పక్క ఉండే బర్స్ట్ న్యూరాన్లు ఒక్కసారిగా పేలతాయి, సెకనుకు వెయ్యి స్పందనల దాకా. మామూలప్పుడు వాటి నోరు నొక్కి ఉంచేవి ఆమ్నిపాజ్ న్యూరాన్లు. ఇవి మౌనం వహిస్తేనే అవి పేలేది. ఆ పేలుడు ఎడమ ఆరో నరం కేంద్రకానికి చేరుతుంది. అక్కడినుంచి ఆజ్ఞ రెండుగా చీలుతుంది. ఒక పాయ ఎడమకంటి లాటరల్ రెక్టస్‌కు. రెండో పాయ మధ్య గీత దాటి, మెదడు కాండంలో పైకి ఎక్కి, కుడికంటిని ముక్కు వైపు లాగే మీడియల్ రెక్టస్‌కు. చేరాక అక్కడ కన్ను నిలబడాలి. కంటి చుట్టూ ఉన్న కణజాలం దాన్ని మళ్ళీ మధ్యకు లాగుతూనే ఉంటుంది కాబట్టి, పేలుడు తగ్గాక కూడా సన్నటి స్థిరమైన ఆజ్ఞ ఒకటి సాగుతూ ఉండాలి. ఈ లెక్కను అమెరికాలో డేవిడ్ రాబిన్సన్ 1960లలో తేల్చాడు. కంటి మీద సన్నని తీగచుట్ట అమర్చి, అయస్కాంత క్షేత్రంలో కూర్చోబెట్టి కదలికను కొలిచే పద్ధతి కూడా ఆయనదే, 1963.

రెండు పాయల సంగతి చదివినప్పుడల్లా ఎవాల్ట్ హేరింగ్ గుర్తొస్తాడు. మనసు రెండు కళ్ళకూ విడివిడిగా ఆజ్ఞలివ్వదు, రెండింటికీ ఒకే ఆజ్ఞ అని 1868లో పుస్తకం రాశాడు. ఆయన చెప్పిన పోలిక ఒకే పగ్గంతో తోలే జోడు గుర్రాలు. మన వైపు పుట్టుంటే కాడెద్దులు అనేవాడు. ఆ కాలపు మరో మహామహుడు హెల్మ్‌హోల్ట్జ్ ఒప్పుకోలేదు. ఏ కన్ను ఆ కన్నే, కలిసి నడవడం పుట్టాక నేర్చుకున్న అలవాటు అని ఆయన వాదన. మొన్నటి జగిత్యాల డ్రైవరును చూస్తే హేరింగ్ మాటే నిజమనిపిస్తుంది. కుడికన్ను మొరాయించినా ఎడమకన్నుకు వెళ్ళాల్సిన ఆజ్ఞ వెళ్ళిపోయింది.


జనవరి 28, మంగళవారం

నెలాఖరు. ట్రేడింగ్ కంపెనీలో లెక్కలు రాసే గుంటూరు అబ్బాయి. ముప్ఫై రెండేళ్ళు. "పొద్దున బాగానే ఉంటుందండీ. సాయంత్రం నాలుగయ్యేసరికి ఎక్సెల్లో వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. ఇంటికెళ్ళేసరికి కనుబొమల మధ్య నొప్పి. ఇప్పటికి రెండు జతల అద్దాలు మార్చానండీ" అన్నాడు. రోడ్డు మీద బోర్డులు మాత్రం ఒక్కటిగానే కనబడతాయట.

డ్రైవరుకు తలకిందులు. ఇతనికి దూరం ఒకటి, దగ్గర రెండు.

కళ్ళను ఎటు తిప్పమంటే అటు తిరిగాయి, ఏ కండరంలోనూ లోపం లేదు. పెన్ను మొన చూపిస్తూ నెమ్మదిగా ముక్కు దగ్గరికి తెచ్చాను. మామూలుగా 6 సెంటీమీటర్ల దాకా తెచ్చినా కళ్ళు వదలవు. ఇతనికి 17 దగ్గరే కుడికన్ను పట్టు సడలి మెల్లగా బయటికి జారిపోయింది. "అదిగో, రెండైంది" అన్నాడు. మళ్ళీ తెచ్చాను, 19. మూడోసారి, 22. అలసట కొలబద్ద మీదే కనిపించింది. దీన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటాం. అద్దాల నంబరు ఎన్నిసార్లు మార్చినా పోనిది ఇదే.

అతనికి కాయితం మీద లెక్క వేసి చూపించాను. రెండు కంటిపాపల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు. ఆరు మీటర్ల దూరంలో బోర్డు చూస్తే రెండు చూపుల మధ్య కోణం అర డిగ్రీ పైచిలుకు. 40 సెంటీమీటర్ల దూరంలో లాప్‌టాప్ అయితే 9 డిగ్రీలు. 10 సెంటీమీటర్లలో పెన్ను అయితే 33. కుడికో ఎడమకో చూడటంలో రెండు కళ్ళూ ఒకే దిక్కుకు తిరుగుతాయి. దగ్గరికి చూడటంలో ఎదురెదురుగా తిరగాలి. డాడ్జ్ 1903లో కంటి కదలికలను అయిదు రకాలుగా విడదీసినప్పుడు దీనికి వేరే గది కట్టబెట్టింది అందుకే. వేగంలోనూ పొంతన లేదు. గెంతు రెప్పపాటు కన్నా ముందే ముగిస్తే, ఈ వర్జెన్స్ అర సెకను, ఒక్కోసారి పూర్తి సెకను తీసుకుంటుంది. పైగా ఒంటరిగా రాదు. కళ్ళు దగ్గరపడటంతో పాటే కంటిలోపలి కటకం ఉబ్బాలి, కంటిపాప చిన్నదవ్వాలి. మూడూ ముడిపడి నడుస్తాయి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో మాకు మొదటి ఏడాదే ఈ మూడింటినీ కలిపి చూడటం అలవాటు చేశారు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో మొదలుపెట్టిన ఆ సంస్థలో ఫోకసూ వర్జెన్సూ ఒకదాన్నొకటి ఎలా లాక్కెళ్తాయో కొలిచే పరిశోధన ఇప్పటికీ సాగుతోంది.

ఈ పనికి మెదడులో చిరునామా కూడా వేరు. గెంతు ఆజ్ఞ పాన్స్‌లో పుడితే, దీనిది ఇంకాస్త పైన మధ్య మెదడు. లారెన్స్ మేస్ 1984లో కోతుల మెదడులో మూడో నరం కేంద్రకం పక్కనే ఈ కణాలను పట్టుకున్నాడు. వస్తువు దగ్గరికొచ్చేకొద్దీ ఎక్కువగా మోగే కణాలు కొన్ని, దూరమయ్యేకొద్దీ మోగేవి కొన్ని. వస్తువును కుడిఎడమలకు తిప్పితే మాత్రం వాటికి పట్టదు.

వైద్యం ఉందా అంటే ఉంది. 2008లో అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 221 మందితో పన్నెండు వారాల పరీక్ష జరిగింది. క్లినిక్‌లో మనిషి దగ్గరుండి చేయించిన వ్యాయామాలతో 73 శాతం మంది కోలుకున్నారు లేదా మెరుగుపడ్డారు. ఇంట్లో పెన్సిల్ చూసుకోమని పంపినవాళ్ళలో 43 శాతం. ఈ అబ్బాయి పిల్లవాడు కాడు, అయినా ఆ దారే పట్టించాను. వారానికోసారి ఇక్కడికి, రోజూ ఇంట్లో కాసేపు. "మందేం లేదాండీ?" అని రెండుసార్లు అడిగి వెళ్ళాడు.


ఫిబ్రవరి 7, శుక్రవారం

మధ్యాహ్నం వంటింటి బల్ల మీద వెయ్యేళ్ళనాటి ప్రయోగం చేశాం. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడ్డ ఇబ్న్ అల్ హైథమ్ తన 'కితాబ్ అల్ మనాజిర్' మూడో భాగంలో ఒక పలక సంగతి చెబుతాడు. ఎ.ఐ. సబ్రా ఇంగ్లీషు అనువాదం 1989లో వచ్చింది. అందులోని కొలతలు మనకు బాగా నప్పుతాయి. మూర పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు. ఒక చివర ముక్కు ఇమిడేలా గాడి. పలక మీద రంగు గీతలు, వాటిపై మైనపు మేకులు.

లులు హైపర్‌మార్కెట్ నుంచి తెచ్చిన కార్టన్‌ను కోసి, మధ్యలో పొడవునా ఎర్రగీత గీసి, పుట్టినరోజు కొవ్వొత్తి ముక్కలు మూడు నిలబెట్టాం. ఒకటి దగ్గర, ఒకటి మధ్యన, ఒకటి చివర. అమ్మాయి గాడిలో ముక్కు ఆనించి మధ్య కొవ్వొత్తినే చూసింది. "అమ్మా! గీత రెండైంది. మధ్య కొవ్వొత్తి దగ్గర కత్తెరలాగా కలుసుకుంటోంది. ముందుదీ వెనకదీ రెండేసి ఉన్నాయి" అని కేకేసింది. నిజానికి అందరికీ ఎప్పుడూ ఇలాగే కనబడుతుంది. చూస్తున్న చోటుకు ఇవతలా అవతలా ఉన్నవన్నీ రెండే. మెదడు పట్టించుకోదు కాబట్టి మనకూ పట్టదు.

కుడికన్ను మూయమన్నాను. దగ్గర కొవ్వొత్తి రెండు బొమ్మల్లో ఎడమది మాయమైంది. దూరం కొవ్వొత్తిలో కుడిది మాయమైంది. దగ్గరివైతే బొమ్మలు అడ్డంగా మారిపోతాయి, దూరంవైతే మారవు. అమ్మాయికి ఇదో గారడీ. మెదడుకు మాత్రం ఇది సమాచారం. రెండు బొమ్మల ఎడం ఎంతో, ఎడం ఏ వైపుదో తెలిస్తే కళ్ళను దగ్గరికి లాగాలా, విడదీయాలా, ఎంత అనేది తెలిసిపోతుంది. ఈ ఎడానికే స్పందించే కణాలను 1967లో బార్లో, బ్లేక్‌మోర్, పెటిగ్రూ పిల్లి మెదడులో కనుగొన్నారు.

ఇబ్న్ అల్ హైథమ్ ఇంకో మాట కూడా రాశాడు: రెండు కళ్ళూ ఎప్పుడూ కలిసే, సమానంగా కదులుతాయని. హేరింగ్‌కు ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందు. మైనం మరకలు బల్ల మీద నుంచి ఇంకా పోలేదు.


ఫిబ్రవరి 20, గురువారం

కోనసీమ నుంచి కొడుకు దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చిన పెద్దావిడ. డెబ్బై దగ్గర పడ్డాయి. కొడుకు ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి తీసుకొచ్చాడు. "ఏవోనమ్మా, పొద్దున్న లేచేసరికి గోడ మీద గడియారం రెండైపోయింది. అద్దాల్లో దోషవేమో చూడు తల్లీ" అంది. అద్దాల్లో ఏ దోషమూ లేదు.

నా వేలిని కుడికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళూ వచ్చాయి. ఎడమకు తీసుకెళ్ళాను. ఎడమకన్ను చివరిదాకా వెళ్ళి అక్కడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. కుడికన్ను మాత్రం మధ్యలోనే నిలబడిపోయింది, ముక్కు వైపు రానే లేదు. కుడి మీడియల్ రెక్టస్ చచ్చుబడిందా? అది తేల్చడానికి ఒక్కటే పరీక్ష. వేలిని మళ్ళీ ముఖానికి ఎదురుగా పెట్టి, "ఇదే చూస్తూ ఉండండి పెద్దమ్మా" అంటూ ముక్కు దగ్గరికి తెచ్చాను. అప్పటిదాకా కదలని కుడికన్ను బుద్ధిగా లోపలికి తిరిగింది, ఎడమకన్నుతో సమానంగా.

అదే కండరం, అదే నరం. పక్కకు చూడమంటే వినదు, దగ్గరికి చూడమంటే వింటుంది. జనవరిలో రాసుకున్న రెండో పాయ ఇక్కడ తెగింది. ఎడమ ఆరో నరం కేంద్రకం నుంచి గీత దాటి కుడివైపు పైకి ఎక్కే ఆ తంతుల కట్టను ఎం.ఎల్.ఎఫ్. అంటారు. దగ్గరి చూపు ఆజ్ఞ ఆ కట్ట ఎక్కదు, మధ్య మెదడు నుంచి నేరుగా పక్కనే ఉన్న మూడో నరం కేంద్రకానికి దిగుతుంది. దిక్కుకూ లోతుకూ మెదడులో వేర్వేరు దారులున్నాయని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఏ పరికరమూ లేకుండా, ఒక్క వేలితో.

అయితే అది మురిసిపోయే సమయం కాదు. ఈ వయసులో హఠాత్తుగా ఇలా వస్తే మెదడు కాండంలో చిన్న స్ట్రోక్ అయి ఉండవచ్చు. చిన్నవయసు వాళ్ళకు రెండు వైపులా వస్తే మల్టిపుల్ స్క్లెరోసిస్ గురించి ఆలోచిస్తారు. కొడుకును పక్కకు పిలిచి, ఇంటికి వెళ్ళొద్దు, ఇటునుంచి ఇటే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమన్నాను. అంబులెన్స్‌కు 999 కూడా నేనే చేశాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ "అద్దాల సంగతి ఏవైందమ్మా?" అని అడిగింది. రాత్రి కొడుకు ఫోన్ చేశాడు. స్కానింగ్‌లో చిన్న స్ట్రోకే కనబడిందట, వార్డులో పెట్టారు.


మార్చి 8, శనివారం

రంజాన్ వేళలు. పగలు పని తక్కువ, ఇఫ్తార్ తర్వాత డీ రింగు రోడ్డు దాటడానికి అరగంట. పుస్తకాలకు కాస్త సమయం చిక్కింది.

పెద్దావిడను చూశాక దిక్కుదొక దారి, లోతుదొక దారి అని గీత గీసి కూర్చున్నాను. అది మరీ అంత సూటిగీత కాదు. వూ ఝౌ, మైఖేల్ కింగ్ అనే ఇద్దరు 1998లో 'నేచర్' పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. రెండు కళ్ళకూ కలిపి ఆజ్ఞ ఇస్తాయని అందరూ అనుకునే పాన్స్ కణాలను కోతుల్లో పరీక్షిస్తే, చాలా కణాలు ఒక్క కంటి కదలికనే లెక్కగడుతున్నాయి. కొన్ని కుడికంటిది, కొన్ని ఎడమకంటిది. అంటే హెల్మ్‌హోల్ట్జ్ మళ్ళీ తలుపు తట్టాడన్నమాట. రెండేళ్ళ తర్వాత వాళ్ళు రాసిన వ్యాసం పేరులోనే ప్రశ్న ఉంది: ప్రైమేట్ల వంశవృక్షంలో ఊసరవెల్లి ఉందా? ఊసరవెల్లి ఒక కన్ను ముందుకూ ఇంకో కన్ను వెనక్కూ తిప్పగలదు కదా.

రోజువారీ చూపులో దిక్కూ లోతూ విడివిడిగా దొరకడమే అరుదు. డ్రైవరు స్పీడోమీటరు నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి పక్క అద్దానికి చూపు మారిస్తే రెండూ మారతాయి. అప్పుడు వింత ఒకటి జరుగుతుంది. ఒంటరిగా వెళ్తే నీరసంగా నడిచే వర్జెన్స్, గెంతు తోడు దొరికితే వేగం పుంజుకుంటుంది. డేవిడ్ జీ బృందం 1992లో దీన్ని కొలిచి చూపించింది. గెంతు కోసం ఆమ్నిపాజ్ కణాలు నోరు మూసుకున్న క్షణంలో వర్జెన్స్‌కు కూడా దారి వదులైపోతుందని వాళ్ళ ఊహ. ఒక్కో కంటికి వేరే ఆజ్ఞ ఉందంటే ఈ వేగానికి విడిగా కారణం వెతకాల్సిన పనే లేదని రెండో పక్షం వాదన. వాదన ఇంకా సాగుతోంది.

నా బల్ల దగ్గరికి కూడా ఈ రెండో పక్షానికి సాక్ష్యం వస్తూనే ఉంటుంది. రెండు కళ్ళకూ నంబర్లలో బాగా తేడా ఉన్నవాళ్ళకు కొత్త అద్దాలిస్తే, ఒక కంటి బొమ్మ పెద్దది, ఇంకోటి చిన్నది. ఒక కన్ను ఎక్కువ, ఒక కన్ను తక్కువ గెంతాలి. మొదటిరోజు తల తిరుగుతోందంటారు. కొద్దిరోజులకు అలవాటైపోతుంది. చిన్న మెదడు ఒక్కో కంటి లెక్కను విడిగా సరిచేస్తేనే అది సాధ్యం. కాడికి కట్టినవే, కానీ కాడి సడలించుకునే వీలుంది.


మార్చి 30, ఆదివారం

ఈద్, ఉగాది ఒకే రోజు. విశ్వావసు మొదలు. పొద్దున పక్క పోర్షన్ హైదరాబాదీ వాళ్ళింటి నుంచి షీర్ ఖుర్మా వచ్చింది, మన ఇంటి పచ్చడి అటు వెళ్ళింది. మామిడికాయ లులులో దొరికింది, వేపపువ్వు మాత్రం అత్తయ్య ఎండబెట్టి పంపినదే.

నిన్న సాయంత్రం డాబా మీద రెండిళ్ళవాళ్ళమూ నెలవంక కోసం నిలబడ్డాం. మాకేమీ కనబడలేదు, రాత్రికి ప్రకటన వచ్చింది. పిల్లలు అదేపనిగా ఖాళీ ఆకాశాన్ని చూస్తుంటే, ముందు దూరంగా ఉన్న టవరు అంచును చూసి, అక్కడినుంచి చూపు పక్కకు జరపమన్నాను. ఆకాశంలో పట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు కళ్ళు అనంత దూరంలో నిలబడవు. ఫోకసూ, రెండు చూపులు కలిసే చోటూ తమంతట తామే దగ్గరికి, ఒక మీటరు అటూ ఇటుగా జారుకుంటాయి. ఖాళీ ఆకాశంలో ఎగిరే పైలట్లకు ఇది పాత చిక్కే. కళ్ళు తెరిచే ఉంటాయి, దూరంలో విమానం కనబడదు. అంటే కళ్ళకు విశ్రాంతి స్థానం దూరమూ కాదు, పుస్తకమూ కాదు. రెంటికీ మెదడు పని చేయాల్సిందే.


ఏప్రిల్ 24, గురువారం

జగిత్యాల డ్రైవరు వచ్చాడు. కుడికన్ను చివరిదాకా వెళ్తోంది. షుగర్ కూడా దారిలోకి వచ్చింది. డాక్టరుగారు బండి నడపవచ్చన్నారట. నాకు చూపించి వెళ్ళాలని వచ్చాడు. ఇంటి నుంచి వచ్చిన సకినాల పొట్లం బల్ల మీద పెట్టి, "వద్దనొద్దు మేడం" అన్నాడు.

గుంటూరు అబ్బాయికి పెన్ను ఇప్పుడు 7 సెంటీమీటర్ల దాకా వస్తోంది. నెలాఖరులో కూడా వరుసలు వరుసల్లోనే ఉంటున్నాయట. ఇక్కడ నేర్చుకున్న, దారం మీద పూసలు చూసే వ్యాయామం తన పక్క సీటు మలయాళీకి కూడా నేర్పాడట. ఆ మలయాళీకి అది అవసరమో కాదో ముందు చూడాలి, రమ్మన్నాను. పెద్దావిడ కోలుకుని ఊరెళ్ళిపోయింది. పక్కచూపు చాలావరకు సర్దుకుందని కొడుకు చెప్పాడు.

ముగ్గురూ చెప్పిన ఫిర్యాదు ఒకటే: "రెండు కనబడుతున్నాయి." ముగ్గురిలో ఇద్దరి ఆలోచన ముందు వెళ్ళింది అద్దాల మీదికే. తేడా పట్టుకున్నది ఎక్కడ, ఎప్పుడు అనే ప్రశ్నలు. ఈ వారం క్లినిక్ ఫారం కొత్తగా వేయిస్తున్నాం. రెండుగా కనబడుతోందా అనే గడి కింద ఇంకో మూడు పెట్టమన్నాను. ఒక కన్ను మూస్తే ఒకటవుతోందా? ఒకటి కాకపోతే లోపం కంటిలోనే, శుక్లమో ఆస్టిగ్మాటిజమో చూడాలి. దూరంలోనా, దగ్గరా? ఏ వైపు చూస్తే ఎక్కువవుతోంది? వీటి కింద పెద్ద అక్షరాల్లో ఒక వరుస: హఠాత్తుగా మొదలైతే అద్దాల కోసం ఆగకండి, వెంటనే చెప్పండి. తెలుగు, హిందీ, మలయాళం, అరబ్బీ నాలుగింటిలోనూ ఉండాలి. తెలుగు నేనే రాసిచ్చాను. అరబ్బీ రిసెప్షన్ అమ్మాయి చూస్తానంది. ఆదివారానికల్లా ప్రింటు వస్తుంది.